షామొనీ కొండబాటలకు అలిపిరి మెట్లే అభ్యాసం

ప్రశ్న: నా వయసు 42. తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. ఆరేళ్ళుగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. హాఫ్ మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేయగలను. మా అమ్మాయి ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చదువుకుంటోంది. వచ్చే జూలై రెండో వారంలో మేమిద్దరం ఆల్ప్స్ పర్వతాల్లోని షామొనీలో ఎనిమిది రోజులు ఉండబోతున్నాం. అక్కడి కొండబాటల మీద రోజూ పది పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తాలని నా కోరిక. అమ్మాయికి పరుగు అలవాటు లేదు కాబట్టి నేను ఒక్కదాన్నే వెళ్ళాలి. అది ప్రమాదమని మావారు వద్దంటున్నారు. నాలాంటి వారికి తగిన బాటలేవి? ఈ పన్నెండు వారాల్లో ఇక్కడినుంచే ఎలా సిద్ధపడాలి?

సమాధానం: తప్పకుండా వెళ్ళండి. అయితే ‘రోజూ పది పన్నెండు కిలోమీటర్లు’ అనే మాటను మాత్రం తిరుపతిలోనే వదిలి వెళ్ళండి. మీవారి భయాన్ని నేను కొట్టిపారేయను. కాకపోతే ఆయన ఒంటరితనాన్ని చూసి భయపడుతున్నారు, నేను ఆ కిలోమీటర్ల లెక్కను చూసి భయపడుతున్నాను. చదును నేల మీద ఏళ్ళ తరబడి పరుగెత్తి, ఆ లెక్కనే కొండ మీదికి తీసుకువెళ్ళినవారే మొదటి రెండు రోజుల్లో మోకాళ్ళు పట్టేసి, మిగిలిన సెలవంతా గదిలో గడుపుతారు.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో మనసుకు తెచ్చుకోండి. ఆర్వ్ నది పారే ఇరుకైన లోయలో, సముద్రమట్టానికి 1,035 మీటర్ల ఎత్తున షామొనీ ఉంది. ఒక పక్క 4,800 మీటర్లు దాటిన మాంట్ బ్లాంక్, అక్కడివారి ఉచ్చారణలో మోఁ బ్లాఁ, దాని హిమానీనదాలతో సహా నిలబడి ఉంటుంది. ఎదురుగా ఎర్రసూదుల కొండలు, అంటే ఎగ్వీ రూజ్ శ్రేణి ఉంటుంది. 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఈ ఊరు ఇప్పుడు చిన్న పట్టణమే కానీ, లోయలో దాని పై భాగాన ఉన్న లే ప్రా, అర్జాంతియేర్, ల తూర్ ఇంకా పల్లెల్లాగే ఉన్నాయి. మీరు బస ఇంకా మాట్లాడుకోకపోతే లే ప్రాలోనో అర్జాంతియేర్‌లోనో చూసుకోమని నా సలహా. గుమ్మం దాటగానే కాలిబాట మొదలవుతుంది, లోయ పొడవునా తిరిగే చిన్న రైలు కూడా అందుబాటులో ఉంటుంది.

ఇప్పుడు లెక్క విషయం. మాంట్ బ్లాంక్ చుట్టూ, ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా సాగి, షామొనీలోనే మొదలై షామొనీలోనే ముగిసే యూటీఎంబీ అనే పరుగు 2003 నుంచి ఏటా ఆగస్టు చివర జరుగుతుంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు మొత్తం కలిపి పదివేల మీటర్లు. 2022లో దాన్ని గెలిచిన కిలియన్ జోర్నెట్ 20 గంటల లోపు ముగించాడు. భాగించి చూడండి, గంటకు సగటున ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైచిలుకు. మీ హాఫ్ మారథాన్ సగటు గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు! ఆయన పరుగెత్తిన దూరం ఎంతో, రాత్రంతా కొండల్లో ఎలా గడిపాడో నేను మరచిపోలేదు. చెప్పదలచుకున్నది ఒక్కటే: ప్రపంచంలో అందరికంటే మేటి అయిన కొండపరుగువాడి సగటు వేగం కూడా చదును నేల మీద మీ వేగం కంటే తక్కువే. నిటారు వాలు వచ్చినప్పుడు ఆయన కూడా నడుస్తాడు. కాబట్టి ఎక్కుడులో నడవడం మీ చేతగానితనం కాదు, అదే ఆ పరుగుకు తగిన పద్ధతి.

కొండపరుగు పందేలు నిర్వహించేవారు ఒక సులువైన కొలత వాడతారు. ఎక్కిన ప్రతి 100 మీటర్ల ఎత్తును ఒక కిలోమీటరుగా లెక్కించి దూరానికి కలుపుతారు. ఎనిమిది కిలోమీటర్ల బాట మీద 600 మీటర్లు ఎక్కితే అది పద్నాలుగు కిలోమీటర్ల శ్రమ అన్నమాట. ఈ లెక్క ప్రకారం మీరు మొదటి నాలుగు రోజులు పన్నెండు దాటవద్దు. మొత్తం ఎనిమిది రోజుల్లో రెండు రోజులు పరుగు లేకుండా ఉంచుకోండి. అక్కడి దారిసూచికల మీద దూరం కంటే నడకకు పట్టే సమయమే ఎక్కువగా రాసి ఉంటుంది. మొదట్లో ఆ సమయమంతా మీకూ పడుతుందనుకునే బయలుదేరండి. ముందే చేరితే సంతోషమే.

ఇక సిద్ధపాటు. మీరు ఉత్తరంలో చదును నేల పరుగు గురించే రాశారు కానీ, తిరుపతిలో ఉంటూ అలిపిరి మెట్లు ఎక్కకుండా ఉండరు కదా. ఆ 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరేసరికి మీరు సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. షామొనీ కొండల్లో ఒక పూట ఎక్కవలసినది కూడా దాదాపు అంతే. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎవరూ నేర్పకుండానే అందరూ ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. నడుము కొద్దిగా వంచి, రెండు చేతులూ మోకాళ్ళ పైన ఆనించి, అడుగడుక్కీ తొడను కిందికి నొక్కుతూ ఎక్కుతారు. ఆల్ప్స్‌లో ఆరితేరినవారు నిటారు వాలు మీద చేసేది సరిగ్గా అదే. చేతి బలం కూడా కాలికి తోడవడం వల్ల పిక్కల మీద భారం తగ్గుతుంది. అంటే ఎక్కడం మీకు వచ్చు. రానిది దిగడం.

దిగడం గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే కొత్తవారిని దెబ్బతీసేది అదే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒళ్ళంతటి బరువును ఆపుతూ పనిచేయాలి. అలవాటు లేని కండరానికి ఈ రెండో పని వల్ల సూక్ష్మమైన గాయాలవుతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మరునాడు మొదలై రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. నేను షామొనీకి మొదటిసారి వెళ్ళినప్పుడు, ఎక్కే కష్టం తప్పుతుందని ఫ్లెజేర్ దాకా కేబుల్ కార్‌లో వెళ్ళి, అక్కడినుంచి లే ప్రాకు ఎనిమిది వందల మీటర్లు పరుగున దిగాను. దిగుతున్నంతసేపూ హాయిగానే ఉంది. మరునాటి సాయంత్రానికి బస చేసిన ఇంటి మెట్లు గోడ పట్టుకోకుండా దిగలేకపోయాను. ఆకాశం నిర్మలంగా ఉన్న మూడు రోజులు అలా పోయాయి, ఆ బాధ నాకింకా ఉంది. కేబుల్ కార్ వాడుకోవలసింది దిగడానికి, ఎక్కడానికి కాదు. మొదటి రోజుల్లో ఈ నియమాన్ని తప్పకుండా పాటించండి.

మేలైన సంగతి ఏమిటంటే, ఈ కండరం ఒకసారి పాఠం నేర్చుకుంటే కొన్ని వారాలపాటు మరచిపోదు. ఒకసారి దిగుడు శ్రమ పడ్డ కండరానికి మరోసారి అదే శ్రమ వల్ల కలిగే నష్టం చాలా తక్కువ. కాబట్టి మీ పన్నెండు వారాల్లో మొదటి నెల మామూలు పరుగుకు తోడు వారానికోసారి మెట్లు ఎక్కి, బస్సులో దిగండి. రెండో నెలనుంచి పది రోజులకోసారి నడిచి దిగండి. మొదటిసారి మూడో వంతు మెట్లు దిగితే చాలు, తర్వాతిసారి సగం, ఆపైన మొత్తం. చివరి దిగుడుకూ ప్రయాణానికీ మధ్య పది రోజులైనా ఎడం ఉంచండి. ఆ మెట్లదారి భక్తులది. అక్కడ పరుగు కూడదు, అవసరం కూడా లేదు, నడిచి దిగినా కండరానికి అందవలసిన పాఠం అందుతుంది. మే, జూన్ ఎండలు మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున ఎక్కండి. కానీ చిరుతల సంచారం కారణంగా దేవస్థానం పెట్టే వేళల నిబంధనలకు లోబడే, నలుగురితో కలిసే వెళ్ళండి. పరుగున దిగడం నేర్చుకోవడానికి ఊరి బయట ఏదైనా మట్టి వాలు చూసుకుని, పావుగంటసేపు పైకి నడుస్తూ కిందికి పరుగెత్తుతూ ఉంటే సరిపోతుంది. దిగేటప్పుడు వెనక్కి వాలవద్దు. భయం వల్ల అందరం వెనక్కే వాలతాం, అప్పుడే కాలు జారుతుంది. అడుగులు పొట్టివిగా, త్వరత్వరగా వేస్తూ, చేతులు కొద్దిగా చాపి, చూపు పాదాల మీద కాక మూడు నాలుగు గజాల ముందు ఉంచాలి.

బాటల విషయానికి వస్తే, చేరిన రోజూ మరునాడూ లోయలోనే ఉండండి. ఆర్వ్ నది ఒడ్డున, బూషే అడవి గుండా షామొనీనుంచి లే ప్రాకు వెళ్ళే దారి దాదాపు చదును. చెట్ల నీడ ఉంటుంది, లే ప్రాలోని చిన్న ప్రార్థనాలయం వెనక ద్రూ శిఖరం ఈటె మొనలా కనబడుతుంది. మూడో రోజు షాలే ద లా ఫ్లోరియా దాకా వెళ్ళి రండి. షామొనీనుంచి సుమారు మూడు వందల మీటర్ల ఎక్కుడు, అడవిదారి. పైన ఇంటినిండా పూలకుండీలు పెట్టిన చిన్న ఫలహారశాల ఉంటుంది. అక్కడ కాసేపు కూర్చుని దిగిరండి. ఈ మూడు వందల మీటర్ల దిగుడుకు మీ కాళ్ళు మరునాడు ఏమంటాయో చూసుకుని, తరువాతి బాటను నిర్ణయించుకోండి.

తర్వాత మీరు వెళ్ళవలసినవి అక్కడివారు ‘బాల్కనీలు’ అని పిలిచే బాటలు. కొండ వాలు మీద, లోయకు సమాంతరంగా, వసారాలో నడిచినట్టు సాగుతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. చిన్న బాల్కనీలు తక్కువ ఎత్తులో అడవిలోనూ, పెద్ద బాల్కనీలు చెట్ల ఎల్లకు, అంటే చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు, పైనా ఉంటాయి. పేరులో దక్షిణం, ఉత్తరం అని వస్తే తికమకపడకండి. దక్షిణ బాల్కనీ అంటే దక్షిణానికి ముఖం పెట్టినది, అంటే లోయకు ఉత్తరపు ఒడ్డున, ఎర్రసూదుల కొండ మీద ఉన్నది. ఎండ బాగా పడుతుంది కాబట్టి అక్కడ మంచు ముందుగా కరుగుతుంది. ఉత్తర బాల్కనీ మాంట్ బ్లాంక్ వైపు ఉంది, నీడపట్టు, అక్కడ మంచు జూలై మొదటిదాకా నిలిచిపోవచ్చు.

దక్షిణపు చిన్న బాల్కనీ మీ కోసమే వేసినట్టుంటుంది. షామొనీనుంచి అర్జాంతియేర్ దాకా అడవిలో ఎగుడుదిగుడుగా సాగుతుంది, చాలా భాగం పరుగెత్తవచ్చు, తిరిగి రావడానికి రైలుంది. మీ అమ్మాయి అర్జాంతియేర్‌కు రైల్లో వచ్చి అక్కడ కలుసుకోవచ్చు. దక్షిణపు పెద్ద బాల్కనీ ఈ ప్రయాణంలో మీరు ఎప్పటికీ మరచిపోని బాట అవుతుంది. 1,877 మీటర్ల ఫ్లెజేర్‌నుంచి 2,000 మీటర్ల ప్లాంప్రా దాకా, ఆరు కిలోమీటర్ల లోపే, కానీ అడుగడుక్కీ ఎదురుగా హిమానీనదాలు కనిపిస్తాయి. దీనికి మాత్రం రెండు చివర్లా కేబుల్ కార్ వాడుకోండి. ఎక్కి దిగే శ్రమంతా తప్పించి, ఆ ఎత్తులో పరుగెత్తడాన్ని మాత్రమే రుచి చూడండి. కొండను చూడాలనిపిస్తే ఆగి చూడండి. నిలబడి కొండనూ, పరుగెత్తుతూ నేలనూ చూడాలి.

కాళ్ళు సహకరిస్తే ఆరో రోజో ఏడో రోజో తెల్ల సరస్సుకు వెళ్ళవచ్చు. 2,352 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లాక్ బ్లాఁకు ఫ్లెజేర్‌నుంచి సుమారు 475 మీటర్లు ఎక్కాలి. ఇది పరుగుబాట కాదు, రాతిదారి. చాలామటుకు నడకే, పైన మంచు మిగిలి ఉండవచ్చు కూడా. అర్జాంతియేర్ వైపునుంచి వచ్చే దారుల్లో ఒకదాని మీద బండలకు ఇనుప నిచ్చెనలు బిగించి ఉంటాయి. ఒంటరిగా, మొదటిసారి వెళ్ళేవారు ఆ దారి పట్టవద్దు. ఉత్తరపు పెద్ద బాల్కనీ కూడా అందమైనదే. 2,317 మీటర్ల ప్లాన్ ద లెగ్వీనుంచి 1,913 మీటర్ల మోంతాంవేర్‌కు వెళుతుంది. మంచు లేదని తెలిస్తేనే దాన్ని ఎంచుకోండి. మోంతాంవేర్‌నుంచి 1909 నాటి పళ్ళచక్రాల రైలు మిమ్మల్ని కిందికి దించుతుంది. అక్కడ మేర్ ద గ్లాస్ అనే హిమానీనదాన్ని చూడడానికి ఆగండి. 1988లో కేబుల్ కార్ దిగాక కొద్ది మెట్లు దిగితే అందిన మంచుకు, ఆ తరువాతి కాలంలో ఐదు వందలకు పైగా మెట్లు దిగవలసి వచ్చింది. ఏ ఏడు మంచు ఎంత ఎత్తున ఉండేదో తెలిపే గుర్తులు ఆ మెట్లదారిలో ఉండేవి. అవి చూసి నా గొంతు పూడుకుపోయింది.

3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీకి కేబుల్ కార్‌లో అమ్మాయితో వెళతారు కాబోలు. ఇరవై నిమిషాల్లో 2,800 మీటర్లు పైకి వెళ్ళే ఆ రోజు పరుగు పెట్టుకోవద్దు. బాటలున్న 2,300 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులే ఉంటుంది. అంతటితో జబ్బు చేయకపోవచ్చు కానీ, అదే వేగానికి ఆయాసం ఎక్కువవుతుంది. ఒక వాక్యం ఆగకుండా చెప్పలేకపోతే పరుగు ఆపి నడవండి. రక్తపోటు, ఉబ్బసం వంటివి ఉంటే బయలుదేరే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.

వాతావరణం విషయంలో మాత్రం బేరాలు లేవు. జూలైలో ఉదయం ఎంత తేటగా ఉన్నా, మధ్యాహ్నం తరువాత ఉరుములు మెరుపులతో వాన విరుచుకుపడడం అక్కడ మామూలు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీల చలి పెరుగుతుంది. తడిసి ఆగిపోయిన ఒంటికి అది తక్కువేమీ కాదు. సూర్యుడు ఆరు గంటలకే ఉదయిస్తాడు, కాబట్టి ఏడింటికల్లా బాట మీద ఉండి, ఒంటిగంటకల్లా చెట్ల ఎల్లకు కిందికి వచ్చేయండి. ఉరుము వినబడితే గట్టు మీదా, ఒంటరి చెట్టు కిందా, ఇనుప కంచెల దగ్గరా నిలబడవద్దు. ఊళ్ళో చర్చి పక్కనున్న పర్వత భవనంలో ఆ రోజు వాతావరణం, ఏ బాట మీద మంచుంది, ఏది మూసి ఉంది అన్నీ చెబుతారు. పైబాటలకు వెళ్ళబోయే ముందు రోజు సాయంత్రం అక్కడికి వెళ్ళి అడగండి. నీడపట్టున ఉదయంపూట గట్టిపడిన మంచు గాజులా ఉంటుంది. అలాంటిది బాటకు అడ్డుగా, వాలు మీద కనబడితే వెనక్కి తిరగండి.

బూట్లు మాత్రం కొనవలసిందే. రోడ్డు బూట్లు తడిసిన చెట్టువేళ్ళ మీదా రాళ్ళ మీదా నిలవవు. అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల పళ్ళున్నవి, దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకుండా అరసైజు పెద్దవి తీసుకుని, ఇక్కడే నెల రోజులు వాడి మరీ తీసుకువెళ్ళండి. చిన్న వీపుసంచిలో టోపీ ఉన్న వానకోటు, పొడుగు చేతుల ఉన్ని చొక్కా, వెండిరేకులాంటి అత్యవసర దుప్పటి, ఈల, లీటరు నీళ్ళు, కొద్దిపాటి నగదు ఉండాలి. గంట దాటిన ప్రతి పరుగులోనూ ఏదైనా తింటూ ఉండాలి. మన వేరుశనగ అచ్చులు, ఖర్జూరాలు దీనికి పరుగువారు వాడే పరాయిదేశపు ఎనర్జీ జెల్‌ల కంటే మేలని నా అనుభవం. ఇంటినుంచి ఒక డబ్బా పట్టుకెళ్ళండి. ఊళ్ళోని నీటితొట్లలో పడే ధార తాగవచ్చు, తాగరాదని బోర్డు ఉంటే తప్ప. పశువులు మేసే చోట వాగునీళ్ళు తాగవద్దు. కాగితపు పటం కూడా కొనండి: ఫ్రాన్సు ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ వేసిన 3630 ఓటీ, 1:25,000 కొలతలో లోయ అంతా ఉంటుంది, దానికి ఛార్జింగ్ అయిపోదు.

మీవారికి చెప్పడానికి కొన్ని సంగతులు. జూలైలో నేను చెప్పిన బాల్కనీ బాటల మీద మీరు నిజంగా ఒంటరిగా ఉండరు. పిల్లాపెద్దా అందరూ నడుస్తుంటారు, ఎదురైన ప్రతివారూ ‘బోంజూర్’ అంటారు, మీరూ అనాలి. ఎక్కివచ్చేవారికి దారి ఇవ్వడం అక్కడి మర్యాద. మలుపులు అడ్డంగా కోసి దిగవద్దు, దానివల్ల మట్టి కొట్టుకుపోతుంది. ఎర్రసూదుల కొండ 1974 నుంచి రక్షిత ప్రాంతం, కొమ్ములు తిరిగిన బూక్తాఁ కొండమేకలు బాట పక్కనే మేస్తూ కనబడవచ్చు, వాటి దగ్గరికి పోకండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయాలి. 1958 నుంచి ఆ లోయలో పర్వత రక్షణకే ప్రత్యేకించిన పోలీసు దళం ఉంది, హెలికాప్టరుతో వస్తుంది. ఫ్రాన్సు వైపు రక్షణకు సాధారణంగా రుసుము ఉండదు కానీ ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. ల తూర్ పైనున్న బాల్మ్ కనుమ దాటితే స్విట్జర్లాండ్ వస్తుంది, అక్కడ రక్షణకు కూడా డబ్బు కట్టాలి, ఫోన్ ఛార్జీలు కూడా వేరు. కాబట్టి ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు కొండల్లో నడక, పరుగు, హెలికాప్టర్ రక్షణ వర్తిస్తాయో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో కూడా అడగండి, చాలా పాలసీల్లో దానికి హద్దు ఉంటుంది.

ప్రతి ఉదయం బయలుదేరే ముందు ఏ బాట, ఏ దిశ, ఎన్నింటికి తిరిగి వస్తారో ఒక కాగితం మీద రాసి అమ్మాయి చేతిలో పెట్టండి. మధ్యలో మనసు మారి వేరే బాట పట్టాలనిపిస్తే ముందు ఆమెకు సందేశం పంపండి. సందేశం వెళ్ళని చోటైతే రాసిన బాటలోనే తిరిగి రండి. చెప్పిన వేళ దాటి గంటన్నర అయినా మీరు రాకపోతే, ఫోన్ కలవకపోతే, ఆమె ఇంకెవరినీ సలహా అడగకుండా 112కు ఫోన్ చేసి ఆ కాగితం చదివి వినిపించాలి. ఈ ఏర్పాటును మీవారి ముందే అమ్మాయితో మాట్లాడి ఖాయం చేసుకోండి.